ఆకు దూసిన మల్లె

గల్ఫులో, గలాలీలో, మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇంటి వెనక పరశురాం ఒక మల్లెకొమ్మ నాటాడు. ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నది. అతనిది ఆ ఇంట్లో తోటపని, అతని భార్య కళది వంటపని, నాది డ్రైవింగు. ఈ ఇసుకలో మల్లేమిటయ్యా, నీకేమన్నా పిచ్చా అని ఆటపట్టించేవాణ్ణి. మల్లె బతికింది. తొంభై నాలుగు ఎండాకాలంలో పరశురామే పోయాడు. గుండె ఆగిందన్నారు, పెట్టెలో పెట్టి ఊరికి పంపారు. అప్పటికి ఆ చెట్టు ఒక్క పువ్వూ పూయలేదు.

చలికాలం రాగానే కళ చెట్టుకు నీళ్లు మానేసింది. ఆకంతా దూసేసింది. మా దిక్కు మల్లెతోటల్లో అందరూ చేసేదే అది. అలా ఎండగట్టి, మళ్లీ నీళ్లు పెడితే చెట్టు విరగబూస్తుంది.

"సంవత్సరీకం నాటికి పూస్తది దేవన్నా. నేనెట్లాగూ పెట్టుకునేది లేదు. ఆయన ఫోటోకు ఆయన చెట్టు పూలే ఎయ్యాలె" అంది.

తర్వాత ఎన్ని నీళ్లు పోసినా చిగురు రాలేదు. పక్కింటి తోటమాలి ఖుర్రం గోడ మీంచి చూసి తల కొట్టుకున్నాడు. ఇక్కడి నేలంతా ఉప్పేనట. రోజూ నీళ్లు పడితేనే అది అడుగున ఉంటుందట. నీళ్లాపితే పైకొచ్చి వేర్లను తినేస్తుందట. ఆకు దూసేనాడు ఈ పెద్దమనిషి నోరు ఎక్కడ పెట్టుకున్నాడో! నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే నేనే సంపుకున్ననా అన్నా?" అంది కళ.

సంవత్సరీకం నాడు ఫోటో బోసిగానే ఉంది. కఫీల్ భార్య, మా మేడమ్, జాలిపడి కొట్టు నుంచి గులాబీలు తెప్పించింది. కళ వాటిని ముట్టుకోలేదు. ఆ మోడు ఆమె కంట పడకుండా తీసేద్దామని నేను పార పట్టుకుని వెళితే, వెనకే వచ్చి లాక్కుంది.

"ఊర్ల ఆయన మట్టికి నన్ను వోనియ్యలే. ఇంట్ల పనున్నది, సెలవు లేదన్నరు. దీన్నన్న నన్ను తియ్యనియ్యి అన్నా."

పార పక్కన పడేసి చేతులతోనే తవ్వింది. లాగగానే చెట్టు ఊడొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ లోపల అణుచుకున్నదంతా గొంతెత్తి ఏడ్చింది. నేనూ ఆగలేకపోయాను. లోపల్నుంచి మేడమ్ కళను కేకేస్తూనే ఉంది, చాయ్ పెట్టమని.