హన్మవ్వ పాటలున్న పెన్‌డ్రైవ్

హార్డ్‌డిస్కు చచ్చాక గానీ మా బోధన్ జనానికి బ్యాకప్ గుర్తురాదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రకం. ఈ రిపేరు దుకాణంలో కూర్చుని చెప్పీ చెప్పీ నా నోరే నొచ్చింది.

కోటగిరి హర్షిణి అలాంటిది కాదు. బతుకమ్మ ఆడేటప్పుడు వాడకట్టులో పాట ఎత్తుకునేది ఆమె తల్లి హన్మవ్వే. ఆ గొంతును హర్షిణి ఏటేటా ఫోన్‌లో రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో చెరిపేసేది. మొన్న ఎండాకాలం హన్మవ్వ పోయింది. ఈ పండక్కి ఆమె పాటలే పెట్టుకుని ఆడదామని ఆడవాళ్లంతా అనుకున్నారు. అంతలో హార్డ్‌డిస్కు పోయింది. హైదరాబాద్ పంపితే లాభం లేదన్నారు. అయినా నేను దిగులుపడలేదు. నేనే బ్యాకప్ తీసిచ్చిన పెన్‌డ్రైవ్ ఆమె బీరువాలో ఉంది.

ఇవాళ తమ్ముడు శ్రావణ్‌ను వెంటబెట్టుకుని ల్యాప్‌టాప్‌నీ, చేతిసంచిలో ఆ పెన్‌డ్రైవ్‌నూ తెచ్చింది. కొత్త డిస్కు బిగించి విండోస్ ఎక్కించబోతే కరెంటు పోయింది. బ్యాటరీ ఏనాడో చచ్చింది కాబట్టి పని మళ్లీ మొదటికొచ్చింది. శ్రావణ్ ఓపిక పట్టలేక చాయ్ తెస్తానని వెళ్లాడు. నాకూ ప్రాణం విసిగింది.

ఎట్టకేలకు విండోస్ ఎక్కాక పెన్‌డ్రైవ్ పెట్టాను. బ్యాకప్ లేదు. అన్నీ డీజే పాటలే. హర్షిణి ఆ పేర్లు చూసి, ఇవి పోయిన సీజన్‌లో తమ్ముడు మా ట్రాక్టర్‌లో మోగించినవేనంది.

ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరపు ఫ్యాక్టరీకి తోలాలి. అక్కడ లైన్‌లో పడిగాపులు కాయాలి. నిద్ర రాకుండా పాటలు కావాలి. బ్యాకప్‌లో పాటల పేర్లు కనబడవు కాబట్టి శ్రావణ్ అర్థంకాని ఫైళ్లేవో ఉన్నాయని చెరిపేసి పాటలు నింపించుకున్నాడన్నమాట. పనయ్యాక బుద్ధిమంతుడిలా మళ్లీ బీరువాలోనే పెట్టాడు.

చెరిపినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ నడిపి చూశాను. ఒక్కటీ రాలేదు. నాకు ఒళ్లు మండింది. రానీ, వాణ్ని దులిపేస్తానన్నాను.

హర్షిణి చున్నీతో మొహం తుడుచుకుంది.

"వద్దన్నా. అవ్వ పోయిన కాన్నుంచి వాడు సరిగ తింటలేడు. పెన్‌డ్రైవే ఖరాబైందని చెప్పు."

శ్రావణ్ చాయ్ పట్టుకుని వచ్చాడు. ల్యాప్‌టాప్ వెలగడం చూసి మొహం విప్పారింది.

"అవ్వ పాటలు వచ్చినయా, అతీఖన్నా?"

పెన్‌డ్రైవ్ ఖరాబైందని చెప్పాను. వాడు చాయ్ బల్ల మీద పెట్టాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"గంత సోయి లేకుంటే ఎట్లనే అక్కా? నాకన్న ఇస్తే భద్రంగ దాస్తుంటి గద."

నేను నోరు తెరవబోయాను. హర్షిణి నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అవురా," అంది వాడితో, "నాదే తప్పు."