ఐలయ్య బోరు

నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో లక్ష్మీనర్సమ్మ బర్రెల కొట్టం ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కున్న వాడెవడైనా నేరుగా వెళ్ళిపోవచ్చు. ఉన్నవి రెండే బర్రెలు, తల్లీ కూతుళ్ళు. తల్లి గౌరి, కూతురు నొసట తెల్లమచ్చ ఉన్న చుక్కి. ఆ రెంటినీ, తన కడుపున పుట్టిన సంతోషినీ ఆవిడ ఒకే గొంతుతో తిట్టేది, ఒకే చేత్తో మేపేది. సంతోషి ఉప్పల్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఒంటి మీద పేడ వాసన వస్తోందని తోటి పిల్లలు వెక్కిరిస్తే, "మా అమ్మ సెంటు" అని నవ్వేసే పిల్ల.

కొట్టం గోడ అవతల ఇనప రేకుల కంపెనీ. లారీల్లో రేకు చుట్టలు వస్తాయి. వాటి తుప్పుని యాసిడ్ తొట్లలో కడిగి, జింకు పూత పూసి, కోసి, ఊళ్ళో దుకాణాలన్నిటికీ పంపుతారు. ఒకప్పుడు ఆ గోడ పక్కన ఆరేసిన చీరకి నెల తిరక్కుండా చిల్లులు పడేవి. బస్తీ వాళ్ళు దగ్గీ దగ్గీ, చివరికి ఆ దగ్గే తమ ఊరి భాష అనుకునే దాకా వచ్చారు.

లక్ష్మీనర్సమ్మ మొగుడు ఐలయ్య పోయే ముందు ఏడాది కొట్టం పక్కన బోరు వేయించాడు. బోరు బండి పొద్దంతా చెవులు చిల్లులు పడేలా రొద పెట్టి, దుమ్ము తప్ప ఏమీ కక్కలేదు. బస్తీ అంతా నవ్వింది. ఐలయ్య మాత్రం పైపు మూతి మీద చెయ్యేసి, "వస్తయే. జర ఓపిక పట్టు. నీళ్ళు రాకుంట ఏడికి పోతయ్?" అనేవాడు. నీళ్ళు రాలేదు, మనిషే పోయాడు. తీసేసి, రేకు కప్పి ఆ చోటు కొట్టంలో కలుపుకోమని ఎందరు చెప్పినా ఆవిడ ఆ పైపుని ముట్టుకోనివ్వలేదు.

అలా ఉండగా కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు రామచంద్రరావు, తెనాలి మనిషి. ఓనరు పట్టాభిరామయ్య పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. అలాంటి వాడి ముక్కు పిండి మరీ యాసిడ్ తొట్లకి మూతలు పెట్టించాడు, కడిగిన నీళ్ళని సున్నంతో విరిచి శుభ్రం చేసే తొట్టి కట్టించాడు, గోడ వారన కానుగ మొక్కలు నాటించాడు. చీరలకి చిల్లులు ఆగిపోయాయి. దగ్గు తగ్గింది. కంపెనీలో టీకి పాలు పోసేది లక్ష్మీనర్సమ్మే కాబట్టి, సారు పొద్దున్నే ఎదురుపడితే గిన్నె దించి మరీ దండం పెట్టేది. ఆయన సిగ్గుపడి పక్కకి తప్పుకునేవాడు.

ఆ రోజుల్లో హైదరాబాదులో ఎవరి నోట విన్నా ఇంకుడు గుంతల మాటే. వాన చుక్కని వదలకండి, భూమికి తాగించండి అని. సారుకి ఆ పిచ్చి పట్టింది. మంచి పిచ్చే, కాదనను. యార్డులో వాన నీళ్ళు పల్లానికి పారి ఏ మూలన నిలుస్తాయో చూసి, అక్కడే లోతుగా గుంత తవ్వించి, రాళ్ళూ కంకరా ఇసకా పోయించాడు. పని అయిన రోజున గోడ మీంచి తొంగిచూసి, "చూస్తూ ఉండండమ్మా, మీ బోరుకి కూడా ప్రాణం వస్తుంది" అన్నాడు.

వచ్చింది. ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఒకనాడు ఉత్తినే చూద్దామని సంతోషి మోటారు బిగించి మీట వేస్తే, పైపు దగ్గి, ఉమ్మి, నీళ్ళు పోసింది. లక్ష్మీనర్సమ్మ ఆ ధార కింద చేతులు పెట్టి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. మొగుడు పోయిన నాడు కూడా అంత ఏడవలేదని చూసిన వాళ్ళు చెప్తారు. బోరుకి పసుపు కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. "మా ఐలయ్య పంపిన నీళ్ళు" అని వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చెప్పుకుంది. తాగటానికి మంజీరా నల్లా ఉంది కాబట్టి, బోరు నీళ్ళు బర్రెలకని గోలెం నిండా పట్టింది.

గౌరి గోలెంలో మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకుంది.

"ఏందే, నీకు మా ఆయన నీళ్ళు పడ్తలేవా?" అంది లక్ష్మీనర్సమ్మ. మొదట నవ్వుతూనే అంది. సాయంత్రానికి నవ్వు పోయింది. మర్నాడు కోపం వచ్చింది. పక్కింటి నల్లా నీళ్ళకి గౌరి పలుపు తెంపుకుంటుంటే, "గొడ్డుకేం దెలుస్తది నీళ్ళ ఇలువ" అని గట్టిగా కట్టేసింది. ఇక్కడే ఆవిడకి ఒక తెలివి తోచింది. అంత ప్రేమలో పుట్టిన తెలివి కాబట్టి తప్పు పట్టటానికి నాకు నోరు రాదు. గోలెంలో తౌడు కలిపింది, ఉప్పు వేసింది, బెల్లం గడ్డ చిదిమి వేసింది. గౌరికి తౌడంటే ప్రాణం. తాగింది. తల్లిని చూసి చుక్కి కూడా కాస్త మూతి తడిపింది.

"గట్ల తాగు నా తల్లి" అని మెడ నిమిరింది లక్ష్మీనర్సమ్మ. ఆనాటి నుంచి రోజూ అదే వరస. గౌరి మొరాయిస్తే తౌడు ఇంకొంచెం పడేది. తల తిప్పితే కొమ్ము పట్టుకుని వంచేది. పక్క గుంజ నుంచి చుక్కి చూస్తూ ఉండేది.

దసరా దాటేసరికి పాలు తగ్గాయి. తర్వాత గౌరి పళ్ళు నూరటం మొదలుపెట్టింది, ఒళ్ళు తగ్గి ఎముకలు బయటపడ్డాయి. పశువుల డాక్టరు వచ్చి నులిపురుగులన్నాడు, మందు పోశాడు. ఎవరో దిష్టి అన్నారు, నిమ్మకాయలు కట్టారు. సంతోషి ఒకసారి, "అమ్మా, నీళ్ళు మార్చి సూస్తే?" అంది. ఆ పూట ఆ పిల్లకి అన్నంతో పాటు తిట్లు కూడా కడుపు నిండా దొరికాయి. తండ్రి నీళ్ళని అనుమానించే కూతురు ఉంటుందా అని.

పాలు ఎందుకు తగ్గాయని కనుక్కోవటానికి రామచంద్రరావు ఒక పొద్దున కొట్టానికి వచ్చాడు. గౌరి పడుకుని ఉంది. ఆయన చూపు దాని మీంచి గోలెం మీదకి పోయి, అక్కడే ఆగిపోయింది. అంచు చుట్టూ ఎర్రటి మడ్డి గట్టిపడి ఉంది. వేలితో గీకి చూశాడు. యాసిడ్ తొట్టి పక్కన బతికే మనిషికి తుప్పు కడిగిన నీళ్ళ రంగు తెలియకపోవటం ఏముంది?

"అమ్మా, ఈ నీళ్ళు పెట్టకండి. పాలు కూడా ఎవరికీ పోయకండి" అని, సీసాలో నీళ్ళు పట్టుకుని పరీక్షకి పరుగెత్తాడు.

ఆ ఫలితం వచ్చేలోపే గౌరి చచ్చిపోయింది. లక్ష్మీనర్సమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. చివరిదాకా దాని చెవులు ఆవిడ గొంతు వైపే తిరిగి ఉన్నాయి.

సారు వచ్చి చెప్పాడు. గుంత తవ్విన మూలే, పూర్వం యాసిడ్‌లోంచి తీసిన రేకుల్ని ఏళ్ళ తరబడి ఆరబెట్టిన చోటట. కారిందంతా ఆ మన్నులోకే దిగింది. పైకి మామూలు మన్నే. వాన నీళ్ళు దాన్ని కడుక్కుంటూ గుంతలోకి, గుంతలోంచి బోరులోకి చేరాయి. నోరెత్తొద్దని ఓనరు చెప్పినా ఆయన వచ్చాడు. "మంచికే చేశానమ్మా. ఆ చోటేమిటో కనుక్కోకుండా తవ్వించాను. మీ గేదెని నేనే చంపాను."

బస్తీ జనం గోల చేశారు. గేటు ఇరగ్గొడదామన్నాడొకడు. సంతోషి సారు మొహం మీదే, "మీ పచ్చదనం మా ఇంట్ల పీనుగైంది" అంది. లక్ష్మీనర్సమ్మ మాత్రం ఆయన వంక చూడనే లేదు. గోలెం వంకే చూస్తోంది.

"నువ్వేడ సంపినవ్ సారూ" అంది. "నీకు తెల్వది. నాకూ తెల్వది. దానికి తెల్సు. రోజూ జెప్పింది నాకు. తల తిప్పి తిప్పి జెప్పింది. నేనే కొమ్ములు వట్టి వంచిన. బెల్లమేసి తాపిచ్చిన." ఏ నీళ్ళు చూసి మొగుడు తిరిగొచ్చాడని మురిసిపోయిందో, ఆ నీళ్ళని తన చేత్తోనే నోరులేని దాని గొంతులో పోసింది. మేనేజరు క్షమాపణకి ఈ బాధలో చోటెక్కడిది? ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

గుంతలో మన్ను తవ్వి దూరంగా తరలించారు. బోరు మూతికి సిమెంటు వేసి మూసేశారు. రామచంద్రరావు పట్టుబట్టి కొట్టానికి రోజూ ట్యాంకరు నీళ్ళు తెప్పించాడు. శుభ్రమైన నీళ్ళు, మనుషులు తాగే నీళ్ళు. చుక్కి పెద్దగా తాగలేదు కాబట్టి బతుకుతుందన్నాడు డాక్టరు. బాగా నీళ్ళు తాగించమన్నాడు.

లక్ష్మీనర్సమ్మ బకెట్టు నింపి దాని ముందు పెట్టింది. చుక్కి వాసన చూడలేదు. ఆవిడ చేతుల్ని చూసి వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. "మంచియే బిడ్డా. ఒట్టు, మంచియే" అంటూ దోసిట్లో పట్టి తనే తాగి చూపించింది. ఊహూఁ. దాహానికి నాలుక బయటపెట్టి రొప్పుతోంది కానీ మూతి ఆనించలేదు. చివరికి సంతోషి వచ్చి, "జరుగమ్మా" అని అదే బకెట్టు అందుకుని పెడితే గటగటా తాగేసింది.

అలా వారం చూసింది ఆవిడ. పొద్దున సంతోషి పనికి పోతే, తిరిగొచ్చే దాకా చుక్కి గొంతెండి ఉండేది. తను దగ్గరికి పోతే బెదిరి గుంజ చుట్టూ తిరిగేది. ఇక చాలనుకుని నారపల్లిలో ఉన్న తమ్ముడు రామస్వామికి ఫోను చేయించింది. "తోల్కపో తమ్మీ. నా చేతుల బతకది."

రామస్వామి ట్రాలీ ఆటో తెచ్చాడు. చుక్కి ఎక్కనని మొండికేసింది, కొట్టం వైపు తిరిగి అరిచింది. "అక్కా, నువ్వొచ్చి జర పిలువు, ఎక్కుతది" అని కేకేశాడు తమ్ముడు. లక్ష్మీనర్సమ్మ గోడ చాటు నుంచి కదల్లేదు. సంతోషి పలుపు పట్టుకుని బుజ్జగిస్తే మెల్లగా ఎక్కింది. ఆటో సందు మలుపు తిరిగే దాకా ఆవిడ అక్కడే, చేతులు రెండూ కొంగు కింద దాచుకుని నిలబడింది, తను కనబడితే అది మళ్ళీ బెదురుతుందేమోనని.