నీలిగీతకు పైన

నేను ఒక లోయను. బల్లచెక్క మీద అట్టముక్కలతో, కాగితపు గుజ్జుతో కట్టిన లోయను. నాలో కొండలున్నాయి, ఏరుంది, ఊళ్లున్నాయి. వాన మాత్రం లేదు. ఆ లోటు ఎంత పెద్దదో అప్పట్లో నాకు తెలియదు, నన్ను చేసినవాళ్లకూ తెలియదు.

పదో తరగతి పిల్లలకు అర్థంకాని ఒక పాఠం వల్ల పుట్టాను. కొయ్యలరేవు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే ఇందుమతి టీచరు బోర్డు మీద ఒకదానిలో ఒకటి దూరిన వంకరగీతలు గీసి, "ఇవి సమోన్నత రేఖలు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు" అంటే పిల్లలందరూ తలలూపారు. "మరి ఇందులో కొండ ఎక్కడుంది?" అని అడిగేసరికి కిటికీలోంచి బయటికి చూశారు. కొండ అక్కడే ఉంది మరి! రోజూ దాన్ని దిగి బడికొచ్చే పిల్లలను మళ్లీ దాన్ని బోర్డు మీద వెతకమనడమేమిటని వాళ్లకు తోచి ఉంటుంది.

టీచరు పట్టుదల మనిషి. ఆ ప్రాంతపు స్థలాకృతి పటం ఎక్కడినుంచో సంపాదించి, దాన్ని పెద్దదిగా గీయించి, ఒక్కో రేఖ వెంట ఒక్కో అట్ట కత్తిరించి ఒకదానిమీద ఒకటి అంటించమంది. మధ్యాహ్న భోజనపు కోడిగుడ్లు వచ్చే అట్టలు, పాత ప్రశ్నపత్రాలు నానబెట్టి రుబ్బారు. ఆ గుజ్జు మెత్తి, పైన ప్లాస్టర్ పూసి, రంగులు వేశారు. అక్షాంశాల మీద రెండు మార్కుల ప్రశ్న ఒకటి నా తూర్పు కొండలో ఎక్కడో ఇప్పటికీ జవాబు లేకుండా పడి ఉంది.

నా దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చున్న పిల్ల సోడె ముత్యాలు. కొయ్యలరేవుకు ఎగువన, పెద్దేరు ఒడ్డునే కొంచెం మెరక మీద ఉన్న తునికిగూడెం ఆమెది. కోయవాళ్ల గూడెం. అమ్మానాన్నలు లేరు, తాత కన్నయ్య పెంచాడు. సుద్దముక్కలు చెక్కి తన గూడెంలోని ఇళ్లను ఒక్కొక్కటీ నామీద నిలబెట్టింది. పని పూర్తయ్యాక చెక్కకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "టీచర్! గీతలు ఇరుకిరుకుగా ఉన్నచోట ఎక్కలేం. ఎడంగా ఉన్నచోట అరక కట్టొచ్చు!" అని అరిచింది. ఆ క్షణంలో టీచరు ముఖం చూసి నేను చాలా గొప్పదాన్ననుకున్నాను.

ఆ ఏడాదే దిగువన ఆనకట్ట పని ఊపందుకుంది. జిల్లా నుంచి ఒక ఇంజనీరు గ్రామసభ పెట్టడానికి వచ్చి, బళ్లో నన్ను చూశాడు. "భలే ఉందే! కాగితాలు చూపిస్తే వీళ్లకేం అర్థమవుతుంది? ఇది సభకు పంపండి" అన్నాడు. టీచరు సంతోషంగా పంపింది. తను చెప్పిన పాఠం ఊరికి పనికొస్తుందంటే ఎవరు కాదంటారు?

సభలో ఆయన నా నడుము చుట్టూ నీలిరంగుతో ఒక గీత గీశాడు. చేయి తిరిగినవాడే, ఎక్కడా వంకర పోలేదు. "నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి. దీనికి కింద ఉన్నవాళ్లు పునరావాస కాలనీకి వెళ్లాలి. పైన ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు. ఆ మాటలను కోయలో చెప్పమని ముత్యాలును నిలబెట్టారు.

ఆ పిల్ల ముందు కొయ్యలరేవును చూపించింది. అది గీతకు బాగా కింద. జనంలోంచి ఒక ఆడమనిషి గట్టిగా ఏడ్చింది. తర్వాత వేలు పైకి జరిపి తునికిగూడెం చూపించింది. గీతకు రెండు అట్టలు పైన. గూడెంవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. పక్కవాళ్లు ఏడుస్తుంటే పైకి నవ్వలేక, ఆ నవ్వు లోపలే దాచుకున్నారు. మనుషులకు అది కొంతవరకే చేతనవుతుంది.

ముందు వరసలో కూర్చున్న గూడెం ముసలమ్మ బొర్రమ్మ మాత్రం లేచి నా దగ్గరికొచ్చింది. "గీత గీత్తే ఏరు ఆగుద్దా పిల్లా?" అంది.

"ఆగుద్ది అవ్వా. నీళ్లు ఎక్కడైనా ఒక్క మట్టంగానే నిలబడతాయి, పళ్లెంలో నీళ్లలాగ. మా టీచరు సూపించింది."

"నువ్వు సెప్తన్నావు గదా, సర్లే" అని బొర్రమ్మ వెళ్లి కూర్చుంది. ఇంజనీరు మాట ఆమె నమ్మలేదు. ముత్యాలు మాట నమ్మింది. గూడెమంతా నమ్మింది.

వేసవిలో కొయ్యలరేవు ఖాళీ అయింది. బడి సామాను ఎక్కించుకున్న లారీలో నాకు చోటు లేకపోయింది. బదిలీ అయిన ఇందుమతి టీచరు నన్ను ముత్యాలు చేతుల్లో పెట్టి, "నీ దగ్గరే ఉండనీ. నాకంటే నీకే ఎక్కువ తెలుసు ఇది" అని వెళ్లిపోయింది. కన్నయ్య నన్ను ఇంట్లో అటకమీద, విత్తనాల గుమ్మి పక్కన పెట్టాడు. ఎవరొచ్చినా కిందికి దించి చూపించేవాడు. "మా పిల్ల సేసింది. ఇదిగో, మా ఇల్లు" అని సుద్దముక్క మీద చేయి వేసేవాడు. ముత్యాలుకు పట్నంలో ఇంటర్ సీటు వచ్చింది గానీ, తాతకు దగ్గు ముదిరిందని ఆ వర్షాకాలం ఇంటిపట్టునే ఉండిపోయింది.

అప్పుడు ముసురు పట్టింది. తెరిపి ఇవ్వకుండా కురిసింది. ఎగువన ఎక్కడెక్కడి వాగులూ పెద్దేట్లో కలిశాయి. మొదట ఎవరూ కంగారుపడలేదు. ఏరు గట్టెక్కినా, రేవులోని చింతచెట్టు మునిగినా, "గీత దాటదులే" అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం ముత్యాలు వర్షంలో తడిసి లోపలికొచ్చింది. నన్ను దించి నేలమీద పెట్టింది. వేలు నీలిగీత మీద ఉంచి, మెల్లగా ఒక అట్ట పైకి జరిపింది. బయట నీళ్లు అప్పటికే అక్కడున్నాయి. వేలు అక్కడే ఆగిపోయింది.

"తాతా," అంది. "పళ్లెంలో నీళ్లు నిలబడి ఉంటాయి. ఇవి పారుతన్నాయి."

"అంటే?"

"కింద ఆనకట్ట అడ్డముంది. పైనించి వరద తోసుకొత్తంది. ముందుకు పోలేక ఎనక పేరుకుంటంది. అక్కడ మట్టంగా ఉన్నా ఇక్కడ ఎత్తుగా ఉంటది. ఇంకా లేత్తది తాతా. ఆ గీత నిలబడ్డ నీళ్లకి. వరదకి కాదు."

కన్నయ్య కర్ర అందుకుని, "అయితే పోయి సెప్పు" అన్నాడు.

సిగ్గుపడడానికి సమయం లేదు. అయినా ఆమె గడపలో ఒక్క నిమిషం నిలబడిపోయింది. ఆ తర్వాత గూడెం మొత్తం ఆమె గొంతు వినిపించింది. ప్రతి గడపలోనూ అదే మాట. "నేను తప్పు సెప్పాను. కొండెక్కండి. నేను సెప్పింది తప్పు."

బొర్రమ్మ కొడుకు రాజులు గుమ్మంలోంచి కేకలేశాడు. "నీ మాట నమ్మే గదే ఇక్కడ కూకున్నాం! ఇప్పుడు సంటిపిల్లల్నేసుకుని ఈ వానలో కొండెక్కమంటావా?"

"ఎక్కమంటన్నాను మావా. తిట్టుకుంటానే ఎక్కు. కానీ ఎక్కు."

తిట్టుకుంటూనే ఎక్కారు. మేకలు, బియ్యం మూటలు, వీపున పిల్లలు. నేను మళ్లీ అటకమీదికి చేరాను. ముత్యాలు తాతను పట్టుకుని వెళ్లిపోయింది. నన్ను తీసుకెళ్లలేదు. అలాంటి వేళ బొమ్మలు మోసేవాళ్లను నేనైనా మెచ్చుకోను.

గూడెం నిశ్శబ్దమయ్యాక ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పొయ్యి ఆరింది. అప్పుడు బయట ఒక గొంతు వినిపించింది. "బా… బా… బా…" అని కోళ్లను పిలుస్తున్న బొర్రమ్మ గొంతు. కొండమీద జనంలోంచి ఎవరూ చూడకుండా దిగొచ్చినట్టుంది. పిలుపు కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా వినపడింది. తర్వాత ఒక గోడ కూలిన చప్పుడు. ఆ తర్వాత పిలుపు లేదు. నాకు చెవులు పెట్టినవాళ్లు నోరు పెట్టలేదు.

నీళ్లు అటకదాకా వచ్చి నా కింది సగాన్ని నానబెట్టేశాయి. ఏరు, కొయ్యలరేవు, నీలిగీత అన్నీ బురదగా జారిపోయాయి. వరద తీశాక రాజులు తన తల్లిని మట్టిలోంచి రెండు చేతులతో తీసుకున్నాడు.

తునికిగూడెంవాళ్లు కూడా కాలనీకే చేరారు. చదును నేల, తిన్నని సందులు, ఒకేలా ఉన్న ఇళ్లు. కొండ గుర్తుపెట్టుకుని నడిచే అలవాటున్న కన్నయ్య ఇంటికి దారి తెలియక పరాయి గుమ్మాల్లో కూర్చుండిపోయేవాడు. కర్ర, దుప్పటితో పాటు విరిగిన నన్ను కూడా ఆయనే మోసుకొచ్చాడు. "ఎందుకు తాతా ఇది?" అని ముత్యాలు కోపంగా అడిగితే, "నువ్వు సేసింది గదా" అన్నాడు. ఆమె నామీద పాత పరదా కప్పేసింది.

ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి, అంతే. అందరికీ బొర్రమ్మ గుర్తుంది. కొండెక్కి బతికినవాళ్లకు తాము బతకడం గురించి ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదు. బతకడాన్ని మనుషులు తమ హక్కులో వేసుకుంటారు, చావును ఎవరో ఒకరి తప్పులో వేస్తారు. ముత్యాలు కాలేజీ మాటెత్తలేదు. కూలికి వెళ్లేది, వచ్చేది, వండేది.

మళ్లీ ఎండలు ముదిరాక ఒక ఉదయం రాజులు గుమ్మంలో నిలబడ్డాడు. వరద తర్వాత ఆ గడపకు రావడం అదే మొదలు.

"ఇయ్యాల కొమ్ముగూడెంలో సబ పెట్టారు," అన్నాడు. "ఏటికి ఇంకా ఎగువనున్న మా అక్క ఊరు. అక్కడా గీత గీత్తారంట. నువ్వు రావాల."

ముత్యాలు చేతిలోని చెంబు కింద పెట్టింది. "నేనా? నా మాట ఇనే గదా మావా, అవ్వ…"

"ఇనే గూడెంలో ఉండిపోయింది. అది నేను మర్సిపోలేను. నన్ను మర్సిపొమ్మనకు." అన్నాడు రాజులు. "కానీ గీత గీసినోడు రాలేదు. ఆ రోజు సబలో ఆయన పక్కన కూకున్నోళ్లూ రాలేదు. తప్పు సెప్పానని ఇల్లిల్లూ తిరిగి సెప్పింది నువ్వొక్కదానివే. నా పిల్లలు ఉన్నారంటే అందుకే. మా అక్క పక్కన అట్టాటి మనిసి ఒకరుండాల."

లోపలినుంచి కన్నయ్య దగ్గుతూ, "ఆ బొమ్మని కూడా తీసుకుపో పిల్లా" అన్నాడు.

ముత్యాలు నా మీది పరదా తీసింది. నీళ్లు తిన్న నా అంచుల మీద వేళ్లు పోనిచ్చింది. నన్ను తీసుకెళ్తుందనే అనుకున్నాను.

"వద్దు తాతా. సబ కంటే ముందు ఏటి ఒడ్డంట నడిసి సూడాలి. పాత వరదలకి నీళ్లు ఎందాకా వచ్చాయో అక్కడి ముసలోళ్లని అడగాలి. ఇది వానని ఎరగదు."

ఆ మాట నన్ను నొప్పించలేదు. నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. తలుపు మూయలేదు. రాజులు ముందు నడుస్తున్నాడు. ఆమె బాగా వెనక నడుస్తోంది, ఆ ఎడం తగ్గించే హక్కు తనకు లేదన్నట్టు. సందు చివర అతను ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు, పిలవలేదు. ఆమె వచ్చి కలిసేదాకా ఆగాడు.