బసవలింగం నలభై ఎకరాలు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. నీలం టోపీల ఆడపిల్లలు వరసగా నిలబడి పనిచేసే పెద్ద షెడ్డులో నన్ను బిగించారు. చీరాల దగ్గరి ఒక నేతపేటకు చేరాక మాణిక్యమ్మ నన్ను కొనుక్కుంది. మగ్గం మీంచి దించిన చీరల ఫొటోలు కొనేవాళ్లకు నేరుగా పంపాలని ఆమె ఆశ. ఆరు నెలలు ఆ పని బాగానే చేశాను. తరువాత ఆమె భర్త బసవలింగానికి నాలో ఒక ఊరు దొరికింది.

అది ఆటలోని ఊరు. సెంటు భూమి లేని మనిషికి అక్కడ నలభై ఎకరాల మాగాణి. ముఖమైనా తెలియని తోటి ఆటగాళ్లు ‘సర్పంచ్‌గారూ’ అని పలకరించేవాళ్లు. పేటలో అతన్ని ‘గారూ’ అన్నవాళ్లెవరూ లేరు. ఆటలో వజ్రాలు కొంటే పైరు క్షణంలో పండుతుంది. ఆ వజ్రాలకు మాత్రం అసలు డబ్బే కట్టాలి. నూలు కోసం ఆమె దాచిందంతా అలాగే కరిగిపోయింది. లేని ఆవులకు ఉన్న సొమ్ము మేపడం మనుషులకే చేతనవును.

ఒక ఉదయం వీధిలో, మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు సాచారు. గంజి పెట్టిన నూలును తడి ఆరేలోపు ఇద్దరూ చెరో పక్కనుంచి కుంచెతో దువ్వాలి. ఒకరు ఆగినా పోగులు అతుక్కుపోతాయి. సగం పనిలో అతని జేబులోంచి ఆట పిలిచింది.

“మావా, కుంచె వదలబాక. ఎండెక్కుతంది.”

“రెండే నిమిషాలు మాణిక్యం. కోతకొచ్చింది, కొయ్యకపోతే ఎండిపోద్ది.”

“మరిక్కడ ఎండిపోయేదేంది?”

ఎదురింటి సుబ్బులత్త నవ్వింది. “ఆసామిగారు పొలానికి బోయారు గదమ్మా. కూలోళ్లం, మనవే దువ్వుకుందాం పా!”

ఆమె వచ్చి కుంచె అందుకునేసరికే పోగులు తాళ్లలా బిగుసుకున్నాయి. మాణిక్యమ్మ పాడైన పడుగు చుట్టి మూలన పెట్టింది. మర్నాడు గుంటూరులో తమ్ముడి దగ్గరికి బయలుదేరింది.

“ఆదివారం పొద్దున పదింటికి తమ్ముడి ఫోన్లోంచి చేస్తా. ఆట తీసేశానని ఒక్క మాట చెప్పు మావా, సాయంత్రం బండికి వచ్చేస్తా. ఎత్తకపోతే ఇంక నాకోసం చూడబాక.”

బస్సు కదలగానే అతను నిజంగానే ఆట తీసేశాడు. నాలుగు రోజులు నాలో ఆ ఊరు లేదు. శనివారం మళ్లీ పెట్టుకున్నాడు. చెప్పకుండా వెళ్లిపోతే తోటి ఆటగాళ్లు ఏమనుకుంటారోనని, ఒక్కసారి సెలవు తీసుకుందామని. ఇంట్లోంచి వెళ్లిన మనిషికి సెలవు చెప్పడం రానివాడు ముఖం తెలియనివాళ్ల కోసం అంత మర్యాద పాటించాడు. వాళ్లు వదిలితేనా! ‘ఊళ్ల పోటీ రేపు పదిన్నరకు ముగుస్తుంది. మీరు లేకపోతే ఓడిపోతాం సర్పంచ్‌గారూ.’

ఆదివారం పదింటికి నేను మోగాను. బావమరిది పేరు పొలమంతా కమ్మేసింది. అతను ఎర్ర గుర్తు నొక్కాడు. మళ్లీ మోగాను.

“ఒక్క నిమిషం మాణిక్యం,” అన్నాడు నాతో. మళ్లీ నొక్కాడు.

వాళ్ల ఊరు గెలిచింది. అభినందనలు వచ్చిపడుతుండగానే అతను గుంటూరుకు ఫోన్ చేశాడు.

“ఇంక చెయ్యొద్దంది బావా,” అన్నాడు బావమరిది.

నెల తిరక్కుండా నన్ను అమ్మేశాడు. ఇప్పుడు ఒక రిపేరు కొట్టు సొరుగులో, ఖాళీ చేసిన కడుపుతో పడి ఉన్నాను. ఆ ఆదివారం మాత్రం మరిచిపోలేను. రెండుసార్లూ నా శక్తికొద్దీ మోగాను. అంతకంటే గట్టిగా పిలవడం నాకు చేతకాలేదు.