రెబెక్కా కోసం ఏడ్చినవాళ్లు

సినిమా అయ్యేసరికి కల్యాణ మండపంలో ఆడవాళ్లందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. అది థియేటర్లో ఆడే రకం సినిమా కాదు. పాటల్లేవు, ఫైట్లు లేవు, హీరో అసలే లేడు. దుర్గాశ్రీ అనే హైదరాబాదావిడ చిన్న కెమెరా పట్టుకుని రెండువేల మూడులో పాలకొల్లు చుట్టుపక్కల నలభై రోజులు తిరిగి తీసింది. తెల్లగుడ్డ కట్టి ఉచితంగా వేస్తున్నారనీ, అందులో ముఖ్య వేషం తమ చర్చి పిల్ల రెబెక్కాదేననీ తెలిసి స్త్రీల సమాజం మొత్తం కదిలొచ్చింది.

కథ చూస్తే గుండె బరువెక్కే కథ. తొమ్మిదో తరగతి పిల్లకి క్లాసంతా కటీఫ్ చెప్పేస్తారు. మూడు నెలలు ఒక్కరూ పలకరు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల బడి ఎగ్గొట్టి, లాకుల దగ్గర కాలువలో మెడలోతు దిగి, చాలాసేపు నిలబడి, ఎందుకో మళ్లీ గట్టెక్కి ఇంటికి వస్తుంది. తడిసిన యూనిఫారం చూసి తల్లి తిడుతుంది. అంతే సినిమా.

"ఇలాంటివి చూపిస్తే పిల్లలు చెడిపోరూ?" అన్నారు గంగరాజు మాస్టారు. అన్నారే గాని, ఆయనా కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

"మీరూరుకోండి మాస్టారూ, కడుపు తరుక్కుపోతుంటేనూ!" అంది స్త్రీల సమాజంలో పెద్దావిడ చిన్నమ్మాయి గారు.

దేవకుమారి వాళ్లెవరినీ చూడటం లేదు. పక్క కుర్చీలో తన తల్లి పాపాయమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆమెనే చూస్తోంది. పాపాయమ్మ లేచి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, రెబెక్కాని కావలించుకుంది.

"నా బంగారు తల్లే! నువ్వు నీళ్లలో అలా నిలబడితే నా ప్రాణం పోయిందే. ఆ సినిమాలో తల్లి ఏం తల్లే? పిల్ల మొహం చూడకుండా బట్టలు చూస్తుందా?"

దేవకుమారికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది. ఎందుకంటే ఆ కథ రెబెక్కాది కాదు, దుర్గాశ్రీది అంతకన్నా కాదు. దేవకుమారిది.

కిందటేడు దుర్గాశ్రీ వాళ్ల డిగ్రీ కాలేజీకి వచ్చి, నటించాలని ఉన్న అమ్మాయిలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పమంది. తక్కినవాళ్లు దొంగతనంగా తిన్న పూతరేకుల గురించీ, కాపీ కొట్టిన పరీక్షల గురించీ చెప్పారు. దేవకుమారి పిచ్చిది, రెబెక్కా కూడా అక్కడే కూర్చుని వింటుండగా, నిజంగానే చెప్పేసింది. అయిదేళ్ల నాటి కాలువ, మెడలోతు నీళ్లు, అమ్మ తిట్లు. దుర్గాశ్రీ గబగబా రాసుకుని, "నీ కథ తీసుకుంటానమ్మా, పేరు మాత్రం బయటపెట్టను" అంది. దేవకుమారి సంబరంగా తలూపింది. కథ తనదైతే వేషమూ తనకే వస్తుందనుకుంది మరి.

వేషం రెబెక్కాకి వెళ్లింది. ఆ అమ్మాయి కళ్లు కెమెరాకి బాగున్నాయట! ఆ కళ్లే తొమ్మిదో తరగతిలో దేవకుమారిని చూడగానే పక్కకి తిరిగిపోయేవి. కటీఫ్ చెప్పినవాళ్లలో రెబెక్కా కూడా ఒకతె.

వేషం పోయినందుకు దేవకుమారి కుళ్లుకుంది, నిజమే. పేపర్లో రెబెక్కా ఫొటో పడితే కుళ్లుకుంది. సందు చివర కుర్రాళ్లు రెబెక్కాని 'కాలవపిల్లా' అని వెక్కిరిస్తే దానికీ కుళ్లుకుంది, ఆ వెక్కిరింత కూడా తనకి రావలసిందేనని. అవన్నీ ఒక ఎత్తు, అమ్మ ఏడుపు ఒక ఎత్తు. ఆ కన్నీళ్లు తనవి. వాటిని తీసుకెళ్లి రెబెక్కా భుజం మీద ఒలకబోస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. అక్కడ సాక్ష్యాలు చెప్పడం వాడుక. జ్వరం తగ్గినవాళ్లూ, కొడుక్కి ఉద్యోగం వచ్చినవాళ్లూ లేచి నాలుగు ముక్కలు చెబుతారు. సాక్ష్యానికి ఎవరూ అడ్డం రారు, ఎదురు ప్రశ్న వేయరు. విన్నాక అందరూ కలిసి ప్రార్థన చేస్తారు, అంతే. ఆ పద్ధతిని నమ్ముకునే దేవకుమారి లేచింది.

"ఆ సినిమాలో పిల్ల నేనేనండి. తొమ్మిదో తరగతిలో లాకుల దగ్గర కాలవలో దిగింది నేను. రెబెక్కాకి తెలుసు."

అందరూ రెబెక్కా వైపు తిరిగారు. రెబెక్కా చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది. ఆ ఏడుపు ఎందుకో దేవకుమారికి తెలుసు. సమాజానికి తెలియదు. నలుగురు లేచి రెబెక్కా చుట్టూ చేరారు.

"దానికి పేరొస్తే ఓర్చుకోలేకపోయావా కుమారీ?" అంది చిన్నమ్మాయి గారు.

పాస్టరమ్మగారు దేవకుమారి తల మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా, "ప్రభువా, ఈ బిడ్డను అసూయ నుంచి విడిపించు" అని ప్రార్థన ఎత్తుకున్నారు. "విడిపించు తండ్రీ" అన్నారంతా. దేవకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అసూయ ఉన్న మాట నిజమే, కాదని ఎలా అంటుంది? అందరితోపాటు తానూ ఆమెన్ అంది.

దారిలో పాపాయమ్మ నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటికెళ్లాక తిట్లు తప్పవని దేవకుమారి సిద్ధపడే నడుస్తోంది. బజారు మలుపులో తల్లి ఆగింది.

"జారి పడ్డానన్నావు కదే ఆ రోజు."

"అవునమ్మా."

"నిన్ను కొట్టాను కూడాను."

"రెండు దెబ్బలే."

సినిమాలో తల్లి కొట్టదు, తిడుతుంది అంతే. దెబ్బల సంగతి దేవకుమారి దుర్గాశ్రీకి చెప్పలేదు. అది తల్లికీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడైనా నా కోసం ఏడుస్తుంది అని దేవకుమారి కాచుకుని చూసింది. పాపాయమ్మ ఏడవలేదు. కన్ను చెమర్చను కూడా లేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మూసి ఉన్న కిళ్లీకొట్టు ముందు బల్ల మీద కూలబడి, కూతురి మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, ఏడువమ్మా," అంది దేవకుమారి భయపడిపోయి.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. చర్చి నుంచి వచ్చేవాళ్లు పలకరించి పోతున్నారు. రెబెక్కా కూడా వచ్చి, కాసేపు ఎదురుగా నిలబడి, వెళ్లిపోయింది. పాపాయమ్మ ఎవరి వంకా చూడలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.