కాశీలో వదిలిన చేప

మా ఆవిడ లోవలక్ష్మి పోయిన రోజు, ముందురోజు ఆమె వండిన చేపల పులుసు పొయ్యి పక్కనే ఉంది. మర్నాటికి రుచి వస్తుందని మా అమ్మాయి దేవిశ్రీ కోసం అట్టేపెట్టింది. ఎవరో దాన్ని కాలవలో పారబోశారు.

అస్థికలతో కాశీ వెళ్ళాం. అక్కడ ఇష్టమైనదేదో ఒకటి వదిలిపెట్టాలి కదా. నేను వంకాయ వదిలాను. ఇంటర్ చదివే దేవిశ్రీ చేప వదిలేసింది. మా అమ్మ మెచ్చుకుంది.

ఏడాది తిరిగేసరికి పిల్ల కాలేజీ మానేసింది. గోడ అవతల ఎవరో గుసగుసలాడుతున్నారనేది. కాసేపటికి తనే, "లేదులే నాన్నా, నా భ్రమ" అనేది. ధవళేశ్వరం నుంచి రాజమండ్రిలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంకా జబ్బు కాదు, జబ్బుగా మారే అవకాశం ఉందన్నారు డాక్టరు గారు. రక్తం తీసి కొవ్వు ఆమ్లాల పరీక్షకి పంపారు.

"చేపల్లో ఉండే ఒమేగా-త్రీ తక్కువగా ఉందండి మాస్టారూ. ఇలాంటి పిల్లల్లో అది తక్కువుంటే దిగులు, ముడుచుకుపోవడం ఎక్కువ ఉంటున్నాయని కొన్ని పరిశోధనల్లో రాశారు."

"చేప మానేసినందుకాండి?"

"చెప్పలేనండి."

"మళ్ళీ తింటే తగ్గుతుందా?"

"అదీ చెప్పలేను. చేపనూనె మాత్రలు వాడి చూద్దాం. ఏ మార్పు కనిపించినా వెంటనే తీసుకురండి."

తొమ్మిదో తరగతి పిల్లాడు ఇలా జవాబు రాస్తే నేను మార్కు వెయ్యను. ఆవిడ తెలిసినంత వరకే చెప్పారు. అయినా కోపం వచ్చింది.

ఇంట్లో అమ్మ సీసా చూసింది. "కాశీలో వదిలినదాన్ని బిళ్ళలో పెట్టి మింగిస్తావేంట్రా? పిల్లలకి పాఠాలు చెప్తావు, ఆమాత్రం తెలీదూ?"

పంతులు గారిని పిలిపించాను.

"మందుకి దోషం లేదమ్మా. మీరు తాగే టానిక్కులో ఏముందో ఎప్పుడైనా అడిగారా?" అన్నారాయన.

 అమ్మే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "మింగవే తల్లీ" అంది.

దేవిశ్రీ మాత్ర వంక చూసింది. తరవాత గోడ వంక.

"అమ్మ వద్దంటోంది నాన్నా."

"భ్రమమ్మా అది. నువ్వే అంటావుగా."

"ఇన్నాళ్ళూ ఎవరో తెలీలేదు. అమ్మే."

ఈసారి కాసేపాగి కూడా భ్రమ అనలేదు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఫోన్ చేస్తే డాక్టరు గారు వెంటనే తీసుకురమ్మన్నారు. ఆటో పిలిచాను. మా అమ్మ తలుపు దగ్గర కూర్చుని బతిమాలుతోంది. ఆటో వాకిట్లో ఆగి ఉంది, పిల్ల ఇంకా గడియ తియ్యలేదు.