కృపారాణి వదిలేసిన పేజీ

సూర్యాపేట దవాఖానలో ఇక చేసేదేమీ లేదని చెప్పాక, వెంకటనర్సమ్మను నడిగూడెం తీసుకొచ్చి పది రోజులైంది. ఊళ్లో ఆమె వెంకటనర్సమ్మ, గుళ్లో తెరేసమ్మ. జ్ఞానస్నానంలో పెట్టిన ఆ పేరు ఫ్రాన్సు దేశపు పునీతురాలు చిన్న తెరేసమ్మది. దేవుడితో ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ప్రార్థించేదని చెప్పుకునే ఆ మఠకన్య ఇరవై నాలుగేళ్లకే క్షయతో పోయింది. ఆమె పటం ముందు వెంకటనర్సమ్మ ముప్పై ఏళ్లు ఉపదేశిగా ఊరివాళ్ల చేత జపమాల చెప్పించింది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచాల పక్కన మోకరించింది.

అలాంటి మనిషి ఈ ఉదయం సత్ప్రసాదం, ఫాదర్ నాలుక మీద పెట్టే దీవించిన అప్పం, వద్దంది.

"కోదాడ నుంచి ఫాదర్ బయల్దేరిండమ్మా. ఇప్పుడు వద్దంటే ఎట్ల?" అంది కూతురు కృపారాణి. ఆమె మిర్యాలగూడలో టీచరు. సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉంటోంది.

"నా నోరు తగదు బిడ్డా."

"ఏం పాపం చేసినవని?"

వెంకటనర్సమ్మ రేకుల కప్పు వైపు చూసింది. "ప్రార్థన సేస్తే గోడతోని మాట్లాడినట్టుంటది. పోయినంక ఏం లేదేమో అనిపిస్తది. ఏడాదాయె. ఎవరికీ సెప్పలే." తలగడ కింది నుంచి చిన్న తెరేసమ్మ జీవితకథ పుస్తకం తీసింది. "ఇందుల సూడు. గా తల్లి రక్తం కక్కుకుంట గూడ నవ్వుకుంటనే పోయింది. ఆమె పేరు పెట్టుకొని నేను గిట్ల పండుకున్న."

 ఆ పుస్తకాన్ని తెలుగులో రాసింది కృపారాణే. రెండేళ్ల కింద కోదాడ గుడి పండక్కి ఇంగ్లీషులోంచి అనువదించింది. ఇంట్లో మొదటి డిగ్రీ తనది. కూతురు రాసిందని తల్లి ఆ పుస్తకాన్ని వాడంతా పంచింది. అందులో ఒక పేజీని కృపారాణి వదిలేసింది. ఎవరూ వదిలెయ్యమనలేదు. నాట్లేసుకునే మనవాళ్లకు ఇది అర్థం కాదు, ఉన్న విశ్వాసమూ చెడుతుంది అనుకుంది.

"అమ్మా, నేనొక పేజీ రాయలే."

"సదువుకున్నదానివి, పేజీలు తప్పినవా?"

"తప్పలే. కావాలనే వదిలేసిన."

చెప్పింది. ఆ పేజీలో ఉన్నదిది: ఆఖరి ఏడాదిన్నర చిన్న తెరేసమ్మకూ ఇంతే. పరలోకం అనుకుంటే లోపలంతా చీకటే. నమ్మలేనివాళ్ల బాధ ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసింది. చీకటి పోలేదు, ఆమె ప్రార్థన మానలేదు.

తల్లి ముఖంలో ఊరట కోసం చూసింది. కనపడలేదు.

"సచ్చేటప్పుడన్న వెలుగు కనపడ్డదా ఆమెకు?"

అవునని చెప్పెయ్యాలనిపించింది కృపారాణికి. "ఆఖరి నిమిషంల ముఖం వెలిగిందని పక్కనున్న సిస్టర్లు చెప్పిండ్రు. ఆమె ఏం చూసిందో మనకు తెల్వదు."

"పక్కనున్నోళ్లు గట్లనే సెప్తరు. నేను గూడ శానమందికి సెప్పిన. మన లచ్చయ్య భయపడుకుంటనే పోయిండు. పెండ్లాం అడిగితే, దేవదూతను సూసినట్టు నవ్విండన్న." ఊపిరి కోసం ఆగింది. "నేను పోయినంక నువ్వు గట్ల సెప్పకు."

"చెప్ప."

బయట ఆటో ఆగింది. ప్రశాంత్ ఫాదర్ లోపలికొచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఫాదరూ, నా లోపల ఏం లేదు" అంది వెంకటనర్సమ్మ. "అయినా ఇస్తరా?"

ఆయన ఆమె వైపు వంగాడు. "మీకు కావాల్నా అమ్మా?"

ఆమె కూతురి వైపు చూసింది. "కావాలె."

అప్పం ముక్క ఎండిన నాలుకకు అతుక్కుపోయింది. కృపారాణి చెంచాతో నీళ్లు పోసింది. మింగడానికి చాలాసేపు పట్టింది. ఫాదర్ కళ్లు మూసుకున్నాడు. కృపారాణి మూసుకోలేదు. తల్లి ముఖం ఇందాక ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఏమన్న తెలిసిందా అమ్మా?"

"లేదు."

కాసేపటికి, కళ్లు మూసుకుని, "ఫాదరును రేపు గూడ రమ్మను" అంది.